ఫోను రాకముందు ఫోను పాఠాలు

నేను మొదటిసారి ఫోనులో మాట్లాడటానికి మూడు నెలల ముందే ఒక ఊరి జనానికి ఫోనులో మాట్లాడటం నేర్పాను. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. ఆ రోజుల్లో బడి టీచర్లకు ఏదైనా పని అప్పగించేటప్పుడు అది వాళ్లకు వచ్చునా రాదా అని అడిగే ఆచారం లేదు. జనాభా లెక్కలు రాశాం, ఓటర్ల జాబితాలు రాశాం, ఒక ఏడాది ఊళ్లో కోళ్లు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టాం. మధ్యలో తీరిక దొరికితే పిల్లలకు ఎక్కాలు చెప్పేవాళ్లం.

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి ఇది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా ఇల్లు వరంగల్‌లో. బడి మాత్రం పరకాల రోడ్డులోంచి పక్కకు చీలిన ఒక కంకర రోడ్డు చివర, ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో. వరంగల్ బస్టాండులో బయలుదేరిన బస్సు మధ్యలో ఒక వాగు దాటి మా ఊరిదాకా వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు తిరిగి, మళ్లీ వరంగల్ పోయేది. రోజుకు మూడుసార్లు రావాలి. ఆ రోడ్డును ఎరిగినవాళ్లెవరూ టైము గురించి మాట్లాడేవాళ్లు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం సర్పంచ్ గారు ఒక కాగితం పట్టుకుని బడికి వచ్చారు. మంచి మనిషే. మిరప తోటలున్నవాడు. సీలు వేసిన కాగితమంటే మాత్రం ఆయనకు ప్రాణం. త్వరలో పంచాయతీలకు టెలిఫోన్లు వస్తాయని, ఫోను సంగతి తెలియని జనం వెనకబడిపోకుండా పంచాయతీలే ముందుగా వాళ్లకు నేర్పించాలని ఆ కాగితంలో ఉంది. ఎప్పుడు వస్తాయన్నది లేదు. నేర్పినట్టు రిపోర్టు ఎప్పటిలోగా పంపాలన్నది మాత్రం ఉంది. రిపోర్టు ముందు పోయిన ఊరికి ఫోను ముందు వస్తుందని సర్పంచ్ గారి లెక్క.

మా హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుని నావైపు చూశారు. బడిలో మేం ముగ్గురం. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. రెండో మాస్టారికి పొలం, ఎవుసం ఉన్నాయి. నాకు పెళ్లి కాలేదు కాబట్టి బోలెడు తీరిక ఉంటుందని ఊరందరికీ ఒక నమ్మకం.

ఫోనును నేను దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకోలేదని చెప్పాను. సర్పంచ్ గారు నవ్వేశారు.

"టౌన్ల పుట్టి పెరిగినోళ్లు మీరు. మీకే తెల్వకుంటె ఇంకెవ్వలికి తెలుస్తది టీచరమ్మా?"

టౌనులో పుట్టి పెరిగిన నాకు తెలిసిన ఒకే ఒక్క ఫోను మా పాస్టరు గారింట్లోది. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లి పాస్టరమ్మ గారికి సంగతి చెప్పాను. ఆవిడ ఫోను మీద కప్పిన కుట్టుపని గుడ్డ తీసి, కుర్చీ వేసి, నన్ను ఫోను ముందు కూర్చోబెట్టారు. నాలుగు రోజుల నుంచి అది పలకడం లేదని, అయినా నేర్చుకోవడానికి ఇబ్బంది లేదని చెప్పారు. రిసీవరు ఎలా పట్టుకోవాలో, ఏ కొస చెవి దగ్గర, ఏ కొస నోటి దగ్గర ఉండాలో చూపించారు. చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. అంకెల చక్రంలో ఒక బొక్కలో వేలు పెట్టి, అడ్డుగా ఉన్న ఆపుదాకా తిప్పి వదిలేస్తే చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. నాకు భలే సరదా వేసింది. అరగంట తిప్పాను. అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. రిసీవరు ఎత్తగానే నిశ్శబ్దంగా ఉండును, అప్పుడు నంబరు తిప్పవలెను, అని కూడా రాసుకున్నాను.

ఇక పాఠం చెప్పడానికి ఒక ఫోను కావాలి. పంచాయతీ గుమస్తాకు ఫైళ్లు నడపడంలో మంచి పేరుంది. బోధనోపకరణం కింద చెక్క ఫోను చేయించవచ్చని ఆయనే దారి చూపించాడు. ఊళ్లో వడ్లాయన నాగళ్లు, బండి చక్రాలు చేసేవాడు. ఫోను ఎప్పుడూ చూడలేదు. నల్లబల్ల మీద నేను వేసిన బొమ్మ చూసి, మిగిలిన టేకు చెక్కతో వారం రోజుల్లో తెచ్చిచ్చాడు. నిజంగా అందంగా ఉంది. నల్లరంగు వేశాడు, చక్రం మేకు మీద తిరుగుతోంది. కానీ అందులో పన్నెండు బొక్కలున్నాయి. పదే ఉండాలి కదా అన్నాను.

"పది పెడితె ఒక దిక్కు బోసిగ కనవడ్తాంది మేడం. పన్నెండైతె నిండుగుంది" అన్నాడు.

క్లాసు పంచాయతీ ఆఫీసు హాల్లో, సాయంత్రం బడి వదిలాక. మొదటిరోజు డెబ్బై మంది దాకా వచ్చారు, ఫోన్లు పంచుతారని ఎవరో చెప్పారట. చెక్క ఫోను చూసి చాలామంది లేచిపోయారు. మరుసటి రోజు పదకొండు మంది. రిజిస్టరులో ఇరవై మంది కనిపించాలని గుమస్తా పట్టుబట్టడంతో, రోడ్డు పనికి వచ్చే కూలీల్లో తొమ్మిది మందిని పని అయ్యాక ఇళ్లకు పోనివ్వకుండా సర్పంచ్ గారు తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో ముగ్గురు నేను మొదలుపెట్టకముందే గోడకానుకుని నిద్రపోయేవాళ్లు. నేను లేపేదాన్ని కాదు.

మొదటి పాఠం 'హలో'. అదేం మాటో, దానికి అర్థమేమిటో చెప్పమన్నారు. నాకు తెలియదు. అవతలివాళ్లు అలాగే అంటారు కాబట్టి మనమూ అనాలని చెప్పాను. ముందు వరసలో కూర్చునే ఒక పెద్దాయన, పత్తి రైతు, 'రామ్ రామ్' అంటే తీగలోంచి పోదా అని అడిగాడు. ఆయన పక్కనున్న దర్జీ, అయితే తన సలామ్ సంగతి కూడా తేల్చమన్నాడు. ఆలోచించి, రెండూ పోతాయని చెప్పాను. ఈ విషయంలో నేను చెప్పింది నిజమేనని తర్వాత తేలింది.

పత్తి రైతుకు ఇంకో చిక్కు ఉండేది.

"మొఖం జూడకుంట ఎట్ల మాట్లాడుతం మేడం? గాయిన నవ్వుతాండో, గుర్రుమంటాండో మనకెట్ల ఎరుక?"

గొంతును బట్టి తెలుస్తుందని చెప్పి, హాలుకు అటు చివర ఒకరిని, ఇటు చివర ఒకరిని గోడవైపు తిప్పి నిలబెట్టి మాట్లాడించాను. వాళ్లకు అది ఆటలా అనిపించి బాగా మాట్లాడారు. ఆ మిగులు బొక్కలు రెండూ దేనికని దర్జీ అడిగితే, ముందు ముందు అవసరమైతే ఉంటాయని చెప్పాను. ఇరవై రోజుల్లో ఇరవై మందికి నేర్పినట్టు రిపోర్టు రాశాను. అందులో నిద్రపోయిన ముగ్గురూ ఉన్నారు.

ఆశ్చర్యంగా, ఫోను నిజంగానే వచ్చింది. వానాకాలం ముందు స్తంభాలు పాతి, వరంగల్ నుంచి తీగ లాగి, పంచాయతీ ఆఫీసు బల్ల మీద నల్లటి ఫోను పెట్టిపోయారు. ప్రారంభోత్సవానికి డప్పులు కొట్టించారు. కొబ్బరికాయ కొట్టాక, నేర్చుకున్నవాళ్లలో ఒకరు ముందుగా ఫోను ఎత్తాలని సర్పంచ్ గారు అన్నారు. పత్తి రైతు కండువా సవరించుకుని వచ్చాడు. రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే ఠక్కున పెట్టేసి నావైపు తిరిగాడు.

"లోపల జుయ్యిమంటాంది మేడం. కరాబయింది."

తర్వాత దర్జీ వచ్చి విన్నాడు. అవును, కరాబయిందన్నాడు. మూడో మనిషి కూడా అదే మాట. నేను వెళ్లి చెవి దగ్గర పెట్టుకున్నాను. జుయ్యిమంటోంది. నేను నేర్చుకున్న ఫోను అలా అనలేదు. నేనూ కరాబయిందనే అన్నాను. తీగ లాగిన మనిషి ఇంకా అక్కడే టీ తాగుతున్నాడు కాబట్టి బతికిపోయాం. అలా మోగితేనే ఫోను బాగున్నట్టని, మోగకపోతేనే చెడిపోయినట్టని అతను అందరి ముందూ చెప్పాడు. ఇరవై మంది ఒకేసారి నావైపు చూశారు. నిద్రపోయిన ముగ్గురి చూపులో మాత్రం నింద లేదు.

అంతకంటే పెద్ద సంగతి అప్పుడు బయటపడింది. ఎవరికి చెయ్యాలి? ఊళ్లో ఎవరికీ ఫోనున్న చుట్టం లేడు. స్నేహితుడూ లేడు. మూడు నెలలు అందరం ఫోను ఎలా పట్టుకోవాలో ఆలోచించాం, అవతల ఎవరుంటారన్నది ఒక్కరికీ తట్టలేదు. చివరికి సర్పంచ్ గారు ఆ కాగితం పంపిన పెద్దాఫీసుకు కృతజ్ఞతలు చెబుతానని నంబరు తిప్పారు. అది వరంగల్‌లో ఏదో బట్టల దుకాణానికి తగిలింది. ఆయన లేచి నిలబడి, మా ఊరికి ఫోను వచ్చిందని, తమ దయ అని నమస్కారాలు చెప్పారు. అవతలి ఆసామి కూడా మర్యాదస్తుడు. సంతోషమని, పండక్కి కొత్త సరుకు దించామని, తప్పకుండా రమ్మని చెప్పాడట. అందరం చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండా ఫోను పెట్టెలోకి పోయింది. దుర్వినియోగం కాకూడదని గుమస్తా పట్టుదల. వడ్లాయనతో చెక్కపెట్టె చేయించి, దాన్ని బల్లకు బిగించి, ఫోను దానిలో పెట్టి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఫోను కావలసినవాళ్లు ఒక దరఖాస్తు రాయాలి, రెండు ప్రతులు. ఎవరితో, ఏ పని మీద, ఎంతసేపు మాట్లాడదలచారో రాయాలి. పని ప్రజా ప్రయోజనానికి సంబంధించినదై ఉండాలి. ఆయన ఆఫీసుకు పదకొండుకు వచ్చి మూడింటికి పోయేవాడు. ఆ నాలుగు గంటలూ ఊరు చేలల్లో ఉండేది. చదువురానివాళ్లు వెనకబడకూడదని వచ్చిన ఫోనుకు చదువొచ్చినవాళ్లే దరఖాస్తు రాయగలిగేలా ఆయన ఏర్పాటు చేశాడు. ఈ మాట నేనంటే, అందుకేగా మీరున్నారు, మీరు రాసిపెట్టండి అన్నాడు. కొన్నాళ్లు రాసిపెట్టాను. రెండు నెలల్లో తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. అందులో నాలుగు ఆయనవే.

ఇక్కడ ఆమె సంగతి చెప్పాలి. పంచాయతీ ఆఫీసు ఊడ్చే మనిషి ఆమె. నలభై ఏళ్లుంటాయి. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసి ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, సాయంత్రం మూసేది. ఆఫీసు తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. నేను ఫోను పాఠాలు చెబుతున్నప్పుడు అరుగు మీద చీపురు పట్టుకుని కూర్చునేది. లోపలికి రమ్మంటే రాలేదు. రిజిస్టరులో పేరు లేదు కాబట్టి నేనూ రెండోసారి పిలవలేదు. ఆమె భర్తకు ఛాతీ జబ్బు. వారానికోసారి వరంగల్‌లో పెద్ద దవాఖానకు సూది మందుకు తీసుకుపోవాలి. బస్సు కోసం ఎండలో గంటా రెండు గంటలు నిలబడితే ఆయన అక్కడే కూలబడిపోయేవాడు.

ఫోను వచ్చిన కొత్తల్లో ఒకరోజు ఆమె నా దగ్గరకు వచ్చి, వరంగల్ బస్టాండులో గోడ మీద పెద్ద అంకెలతో ఏదో రాసి ఉంటుంది కదా, అది ఫోను నంబరేనా అని అడిగింది. నేను రోజూ దాని కిందనే నిలబడి బస్సెక్కేదాన్ని. అది ఎంక్వయిరీ నంబరు. ఎందుకో అడక్కుండా మరునాడు రాసుకొచ్చి ఇచ్చాను. ఆ కాగితం మీద అంకెలను వేలితో ఒక్కొక్కటే చూపించి పేరు చెప్పమంది. చెప్పాను. తలూపి కాగితం రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నేను మరిచిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు సాయంత్రం బస్సు కోసం నిలబడ్డాం, నేనూ ఇంకో పది పన్నెండు మందిమీ. ఆమె ఆఫీసు అరుగు మీదికి వచ్చి చెప్పింది.

"బస్సు ఇంక వరంగల్ల ఎల్లనేలేదు. గంట దాక రాదు. జర ఇండ్లల్లకు పోయి కూసోండ్రి."

ఎవరూ కదల్లేదు. సరిగ్గా గంటంబావుకు బస్సు వచ్చింది. మర్నాడు ఇప్పుడే ఎల్లింది, ముప్పావు గంటల వస్తదంది. వచ్చింది. మూడోరోజు నుంచి జనం ఆమెను అడిగి మరీ ఇంటి నుంచి బయలుదేరడం మొదలుపెట్టారు. ఎలా తెలుస్తోందని అడిగితే నవ్వేది. ఆమెకు పూనకం వస్తుందేమోనని ఒకరిద్దరికి అనుమానం కూడా వచ్చింది.

నేను ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి నిలదీశాను. ఆమె తలుపు దగ్గరగా వేసి, రూపాయి బిళ్ల అంచుతో పెట్టె మూతకున్న మడతబందుల మరలు విప్పింది. వడ్లాయన వాటిని బయటివైపు బిగించాడు. తాళం దాని మానాన అది వేలాడుతూనే ఉంది, మూత వెనకవైపు నుంచి తెరుచుకుంది. ఫోను ఎత్తి, జుయ్యిమనే దాకా ఆగి, ఆపు దగ్గర నుంచి బొక్కలు లెక్కపెట్టుకుంటూ తిప్పింది. ఇవి అంకెలని ఆమె అనుకోలేదు. మూడో బొక్క, ఏడో బొక్క అని వేళ్లకు నేర్పుకుంది. అవతల ఎవరో పలికారు.

"అన్నా, నేనే. మా బస్సు ఎల్లిందా?"

తర్వాత కొంచెంసేపు విని, "తగ్గలే అన్నా, ఇంక దగ్గుతనే ఉన్నడు" అని పెట్టేసింది.

ఆ అన్న బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చునే మనిషి. మొదట్లో కసురుకునేవాడట. ఎవరమ్మా నువ్వు, రోజూ ఇదేంది అని. ఆమె ఎవరో, ఎందుకు అడుగుతోందో చెప్పింది. అప్పటి నుంచి కసురుకోవడం మానేసి, ముందు ఆమె భర్త దగ్గు సంగతి అడిగి, తర్వాత బస్సు సంగతి చెప్పేవాడు. ఒకసారి వరంగల్ పోయినప్పుడు ఆమె ఆ కిటికీ ముందు నిలబడిందట. ఏ ఊరు పోవాలమ్మా అని అతను తలెత్తకుండా అడిగాడు. 'అన్నా' అనగానే గొంతు గుర్తుపట్టి లేచి, టీ తెప్పించాడట. ఇది చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

ఈ మరల సంగతి గుమస్తాకు చెప్పడం ఉద్యోగ ధర్మమని నాకు తెలుసు. కానీ సాయంత్రం ఆ బస్సే నాక్కూడా దిక్కు. చెప్పలేదు.

ఆగస్టులో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. పొద్దుట్నుంచీ ముసురు. గుమస్తా తాళం తీసి, పెట్టెలోంచి ఫోను తీసి, పూలదండ వేసిన బల్ల మీద పెట్టాడు. దరఖాస్తుల ఫైలు చూసి అధికారి మెచ్చుకున్నాడు. ఇంత క్రమశిక్షణ తాను ఏ పంచాయతీలోనూ చూడలేదన్నాడు. తర్వాత, నేర్చుకున్నవాళ్లెవరైనా చేసి చూపించమన్నాడు. పత్తి రైతును పిలిచారు. ఆయన ఫోను ఎత్తి విని, ఈసారి తొణక్కుండా, "మంచిగనే జుయ్యిమంటాంది సార్" అని తిరిగి పెట్టేశాడు. అంతకు మించి ఆయనకు ఫోనుతో పని పడలేదు. అధికారి నావైపు చూశాడు. నేను నేల చూశాను.

ఆమె అప్పుడే చీపురు పట్టుకుని వాకిట్లో వాననీళ్లు తోస్తోంది. అధికారి సరదాకి అన్నాడో, చిరాకుతో అన్నాడో గాని, ఏమ్మా నీకొచ్చా అని అడిగాడు. ఆమె నావైపు చూసింది. నేను తలూపాను. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, తిప్పి, మాట్లాడి, పెట్టేసి చెప్పింది.

"పైన వాన బాగ కొడ్తాందట సార్. వాగు నిండుగ వస్తాంది, బస్సు బంజేసిన్రట. మీరు గిప్పుడే ఎల్లితె దాటుతరు. జర సేపైతె కష్టం."

గుమస్తా ముఖం మాడిపోయింది. ఈమెకు ఇది ఎప్పుడు, ఎలా వచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. అధికారి మాత్రం శభాష్ అన్నాడు. ప్రదర్శన బాగుందన్నాడు. చెప్పిన సంగతి ఆయన చెవికెక్కలేదు. సర్పంచ్ గారింట్లో కోడికూర సిద్ధమైంది. తిని, కాసేపు నడుం వాల్చి, టీ తాగి జీపెక్కాడు. ఈలోపు గుమస్తా ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి, వాన పెరగకముందే సైకిలు మీద పక్కూళ్లోని తన ఇంటికి వెళ్లిపోయాడు.

గంట తర్వాత జీపు వెనక్కి వచ్చింది. వాగు రోడ్డెక్కింది. అధికారి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. బస్సు లేక నేనూ ఆఫీసులోనే ఉండిపోయాను. ఆయన ఇంటికి ఫోను చెయ్యాలన్నాడు. తాళం వేసి ఉంది. చెవి పక్కూళ్లో ఉంది. సర్పంచ్ గారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

అప్పుడామె చాలా వినయంగా అంది.

"గుమస్తా సారు లేకపోయినా పద్ధతి పద్ధతే గద సార్. అర్జీ రాయాలె. రెండు కాయితాలు."

ఆమె ఎగతాళి చేసిందా, నిజంగానే అందా నాకు ఈనాటికీ తెలియదు. గుమస్తా తయారుచేసి ఉంచిన దరఖాస్తు ఫారాలు రెండు నేను తీసి ఇచ్చాను. అధికారి మమ్మల్నందరినీ ఒకసారి చూసి, కూర్చుని రాశాడు. పని అన్నచోట స్వంత పని అని రాసి, కింద నిబంధన చదివి, దాన్ని కొట్టేసి ప్రజా ప్రయోజనం అని రాశాడు. రెండో ప్రతిలో మొదటే అలా రాశాడు. సర్పంచ్ గారు రెండింటి మీదా సంతకం పెట్టారు. అప్పుడామె బిళ్ల తీసి మరలు విప్పింది. అధికారి చూశాడు. రిసీవరు అందుకున్నాడు. ఫోనులో ఆయన భార్య గొంతు మా అందరికీ వినబడింది. పొద్దున్నే రేడియోలో వాన చెప్పారు, గొడుగు పెట్టుకోమంటే వినలేదు కదా అంటోంది. ఆయన 'అవును' అని మూడుసార్లు అన్నాడు. ఆ పూట సర్పంచ్ గారింట్లో మళ్లీ కోడికూర.

నెల తర్వాత ఆదేశాలు వచ్చాయి. ఒకటి, ఇకమీదట దరఖాస్తు రెండు ప్రతులు అక్కర్లేదు, ఒకటి చాలు. రెండు, పెట్టె మడతబందులు లోపలివైపు బిగించాలి. మూడు, పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా ఫోను ఒక బాధ్యతగల వ్యక్తి ఆధీనంలో జనానికి అందుబాటులో ఉంచాలి. ఈ మూడోదానిలో పేరు రాయలేదు గాని, ఊడ్చే మనిషినే పెట్టమని సర్పంచ్ గారికి ఆ అధికారి మాటగా చెప్పి పంపాడు. జీతం పెంపు ఏమీ లేదు, గౌరవ హోదాలోనే. రెండో ఆదేశం ప్రకారం గుమస్తా పెట్టెను బాగుచేయమని వడ్లాయన ఇంటికి పంపాడు. వడ్లాయన చేస్తా చేస్తా అంటూ దాన్ని పొదిగే కోడికి ఇచ్చేశాడు. గుమస్తా ఆయనకు గుర్తుచేస్తూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వడ్లాయనకు చదువు రాదు. కాబట్టి పెట్టె తిరిగి రాలేదు, ఫోను అరుగు మీదకు వచ్చింది.

అప్పటి నుంచి ఆమె నేర్పిన పద్ధతి వేరు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "నీకు ఎవ్వలితోటి పని?" అని అడిగేది. పని లేదంటే పొమ్మనేది. ఉందంటే ఆ ఒక్క నంబరే నేర్పేది. దర్జీకి వరంగల్‌లో దారాలమ్మే దుకాణం నంబరు నేర్పింది. కూతుర్ని టౌనులో హాస్టల్లో వేసిన ఒక తల్లికి వార్డెను నంబరు నేర్పి, మొదటి నాలుగుసార్లు తనే పక్కన నిలబడింది. ఆ తల్లి ఐదోసారి ఒక్కతే చేసి, పెట్టేశాక కొంగుతో ముఖం తుడుచుకుంది. పత్తి రైతు ఒకరోజు తనంతట తానే వచ్చి, పత్తి మార్కెట్ నంబరు కావాలన్నాడు. అవతలివాళ్లకు రామ్ రామ్ చెప్పాడు. వాళ్లూ రామ్ రామ్ అన్నారట. నాకు చెప్పడానికి బడిదాకా వచ్చాడు. వేసవికల్లా ముప్పై మందికి పైగా నంబరు తిప్పగలిగేవాళ్లు.

అప్పుడు మళ్లీ కాగితం వచ్చింది. శిక్షణ పొందినవారి జాబితా, నేర్పినవారి పేరు పంపమని. నేను కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి నిజమైన జాబితా రాశాను. నేర్పినవారు అన్నచోట ఆమె పేరు రాసి పంపాను. పది రోజులకు తిరిగొచ్చింది. పారిశుద్ధ్య సిబ్బందికి బోధనా హోదా లేదని, అర్హతగల ఉద్యోగి పేరు రాసి తిరిగి పంపమని ఎర్ర సిరాతో రాసి ఉంది. గుమస్తా నా ముందు కాగితం పెట్టి, మీ పేరు రాసెయ్యండి, అయిపోతుంది, లేకపోతే జాబితా మొత్తం రద్దవుతుంది, అప్పుడు ఫోనే వద్దంటారేమో అన్నాడు. ఆ భయం నిజమో, ఆయన పుట్టించిందో నాకు తెలియలేదు. రాశాను.

ఆ ఏడు జాతీయ పండుగ రోజున వరంగల్‌లో వేదిక మీద నాకు శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. మా అమ్మ, మా పాస్టరమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. మరునాడు నేను ఆ శాలువా తీసుకుపోయి ఆమెకు ఇవ్వబోయాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాకే తిరిగి కప్పింది. తనకెందుకని అడగలేదు, కోపంగానూ లేదు. బస్సు ఎల్లింది టీచరమ్మా, ముప్పావు గంటల వస్తది, గందాక కూసో, అంది.

ఆ ప్రశంసాపత్రాన్ని మా నాన్న ఫ్రేము కట్టించాడు. చాలా ఏళ్లు గోడ మీద ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు చదివి, మీరు ఫోన్లు నేర్పారా అని అడిగేవాళ్లు. నేర్పానని చెప్పేదాన్ని. అంతకంటే వివరంగా ఎవరికీ చెప్పలేదు.